టెక్ సందేహాలు: ఇంటి మీద సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి?

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఇంటి సోలార్ గురించినవే ఎక్కువ. అందుకే మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు.

ప్రశ్న: జడ్చర్లలో సొంత ఇల్లు, ఒక ఏసీ ఉంది. మార్చి నుంచి జూన్ దాకా నెలకు 400 యూనిట్లు, మిగతా ఎనిమిది నెలలు 250 చొప్పున కాలుతాయి. 3 కిలోవాట్ల సోలార్‌కు 2 లక్షలు, 2 కిలోవాట్లకు 1.40 లక్షలు అడుగుతున్నారు. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? ఏది మేలు?

తిరిగొస్తుంది. మీ వాడకానికి 2 కిలోవాట్లే మేలు. అమ్మేవాళ్లంతా 3 కిలోవాట్లే చెబుతారు కాబట్టి లెక్క వివరంగా చూద్దాం.

తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు రూ.5.10 చొప్పున, 201 నుంచి 300 వరకు రూ.7.70, 301 నుంచి 400 వరకు రూ.9 చొప్పున పడతాయి. ఆ గీత దాటకపోతే మొదటి 100 యూనిట్లు రూ.3.40, తర్వాతి 100 రూ.4.80. అంటే 200 యూనిట్లకు రూ.820 అయ్యే బిల్లు, ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే రూ.1,027 దాటుతుంది. వంద లోపే ఆగే ఇంటికి ఇంకా చౌక: మొదటి 50 రూ.1.95, ఆపైన రూ.3.10.

ఇప్పుడు మీ బిల్లు. 400 యూనిట్లకు రూ.2,690, 250 యూనిట్లకు రూ.1,405. ఏడాదికి కరెంటు చార్జీలు రూ.22,000. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు సోలార్ పెట్టినా పోవు, వాటిని లెక్కలో కలపలేదు.

మన దగ్గర ఒక కిలోవాట్ ఏడాదికి దాదాపు 1,400 యూనిట్లు ఇస్తుంది. 2 కిలోవాట్లు పెడితే ఎండాకాలం నెలకు 250, మిగతా నెలల్లో సగటున 225 అనుకోండి. నెట్ మీటరింగ్‌లో మీరు గ్రిడ్ (డిస్కం లైన్లు) నుంచి తీసుకున్న దాంట్లోంచి గ్రిడ్‌కు ఇచ్చింది తీసేసి, మిగిలిన యూనిట్లకే బిల్లు వేస్తారు. ఎండాకాలం మిగిలేది 150 యూనిట్లు, బిల్లు రూ.580. మిగతా నెలల్లో 25 యూనిట్లు, రూ.50. ఏడాది మొత్తం రూ.2,720. అంటే రూ.19,000 పైన మిగులు. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు రూ.30,000 చొప్పున సబ్సిడీ వస్తుంది. 1.40 లక్షల్లో 60,000 పోను మీ ఖర్చు రూ.80,000, నాలుగేళ్లకు కొంచెం పైన తిరిగొచ్చేస్తుంది.

మూడో కిలోవాట్‌కు సబ్సిడీ రూ.18,000 మాత్రమే. అది పోను మీరు అదనంగా పెట్టేది రూ.42,000. అది తగ్గించేది మిగిలిన ఆ రూ.2,720 బిల్లునే! మొదటి రెండు కిలోవాట్లు 7.70, 9 రూపాయల యూనిట్లను కొట్టేస్తాయి, మూడోదానికి దొరికేవి చౌక యూనిట్లే. ఇంటి వాడకం దాటి గ్రిడ్‌కు పోయే మిగులుకు డిస్కం డబ్బు ఇస్తుంది కానీ, అది కరెంటు కొనుగోలు సగటు ధర లెక్కన. మీరు ఎండాకాలం కట్టే ధర లెక్కన కాదు. రెండో ఏసీ కొనే ఆలోచన ఉంటే మాత్రం 3 కిలోవాట్లకు వెళ్లండి. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే ఎలక్ట్రిక్ స్కూటర్ ఒక్కటైతే నెలకు 30 యూనిట్ల చిల్లరే, దాని కోసం అక్కర్లేదు.

సబ్సిడీ విషయంలో ఒక మాట. అది పని పూర్తయి, నెట్ మీటర్ బిగించాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు పూర్తి సొమ్ము మీ చేతి నుంచో, బ్యాంకు లోనుతోనో కట్టాలి.

ప్రశ్న: నల్గొండ. మాకు గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు) కింద జీరో బిల్లు వస్తోంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం 230 దాటి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తోంది. 1 కిలోవాట్ సోలార్ పెట్టించమంటారా?

వద్దు. ఏడాదిలో పది నెలలు సున్నా బిల్లు వచ్చే ఇంట్లో సోలార్ పెద్దగా మిగిల్చేదేమీ ఉండదు. ముందు ఫ్యాన్లు మార్చండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల లోపే. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 65 యూనిట్లు తగ్గుతాయి. మీరు 200 లోపుకు వచ్చేస్తారు. ఖర్చు సోలార్‌లో నాలుగో వంతు కూడా కాదు.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. 3 కిలోవాట్ల సిస్టమ్ పెట్టి మూడు నెలలైంది. పొద్దున బాగానే పనిచేస్తుంది. పదకొండున్నర నుంచి రెండున్నర వరకు ఇన్వర్టర్ ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటుంది. స్క్రీన్ మీద ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని వస్తుంది. ఇన్వర్టర్ చెడిపోయిందా?

ఇన్వర్టర్ బాగానే ఉంది. దాదాపు ఖాయంగా తప్పు స్తంభం నుంచి మీ మీటరుకు వచ్చే సర్వీసు వైరుది.

సోలార్ ఇన్వర్టర్ ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మారుస్తుంది. దాన్ని బయటికి తోయాలంటే తన దగ్గర వోల్టేజీని గ్రిడ్ కన్నా కొంచెం పైన ఉంచాలి. వైరు సన్నగా ఉంటే ఆ తేడా పెరుగుతుంది. మీ ఇల్లు స్తంభానికి 60 మీటర్ల దూరంలో ఉంది, వైరు 2.5 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం అనుకోండి. పోను రాను 120 మీటర్ల వైరుకు నిరోధం సుమారు 1.45 ఓమ్. మధ్యాహ్నం ఇన్వర్టర్ 11 ఆంపియర్లు తోస్తే 16 వోల్టులు పెరుగుతాయి. స్తంభం దగ్గర 240 ఉంటే ఇన్వర్టర్ దగ్గర 256. చాలా ఇన్వర్టర్లు 253కు అటూ ఇటూగా ఆగిపోయేలా సెట్ చేసి ఉంటాయి. ఆగగానే వోల్టేజీ పడిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. పొద్దున ఆంపియర్లు తక్కువ కాబట్టి ఈ గొడవ కనపడదు.

నిర్ధారించుకోవడం సులభం. మధ్యాహ్నం మెయిన్ బోర్డు దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ చూడండి. తర్వాత సోలార్ ఇన్వర్టర్ నుంచి మెయిన్ బోర్డుకు వచ్చే లైను బ్రేకర్ దించి మళ్లీ చూడండి. పది వోల్టులకు మించి తగ్గితే తప్పు వైరుదే, లేదా స్తంభం దగ్గరి వదులు జాయింటుది. 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం వైరు వేస్తే ఆ 16 వోల్టులు 4కు దిగుతాయి. స్తంభం వైపు పని డిస్కం సిబ్బందితోనే చేయించండి. బ్రేకర్ దించినా 250 పైనే చూపిస్తే మాత్రం అది ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీని సెట్ చేసే చోటు) సమస్య, ఫిర్యాదు ఇవ్వాలి.

ఇన్వర్టర్ వోల్టేజీ హద్దు పెంచేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ ఎక్కువ వోల్టేజీ మీ ఫ్రిజ్, టీవీ మీదే పడుతుంది.

ప్రశ్న: దేవరకొండ. సోలార్ ఉన్నా కరెంటు పోగానే ఫ్యాన్ ఆగిపోతోంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తుంటే కూడా! మోసపోయామా?

మోసం కాదు, కానీ పెట్టించే ముందే మీకు చెప్పి ఉండాల్సిన సంగతి. మీది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్. లైన్లో కరెంటు లేకపోతే అది ఆగి తీరాలి. లేకపోతే మీ డాబా మీది కరెంటు తీగల్లోకి వెళ్లి, సరఫరా ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

కోతల్లో కూడా వాడాలంటే బ్యాటరీతో కూడా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ కావాలి. రోజుకు గంట, రెండు గంటల కోతకు అంత ఖర్చు దండగ. ఇంట్లో పాత ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే అవే చాలు. సోలార్‌ను మాత్రం ఆ ఇన్వర్టర్‌కు ముందు, మెయిన్ లైన్ వైపు కలపాలి. దాని అవుట్‌పుట్ వైపు కలిపితే, అది ఇచ్చే కరెంటును గ్రిడ్ అనుకుని సోలార్ కూడా తోస్తుంది, బ్యాటరీ ఇన్వర్టర్ కాలిపోతుంది.

ప్రశ్న: మిర్యాలగూడ. వారం వారం బోరు నీళ్లతో ప్యానెళ్లు కడుగుతున్నా యూనిట్లు తగ్గుతున్నాయి. అద్దం మీద తెల్లటి మరకలు పోవడం లేదు.

ఆ మరకలు మీ బోరు నీళ్లవే. నల్గొండ జిల్లా నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, అద్దానికి కీడు చేసేది నీళ్లలోని సున్నం. ఎండలో నీటి చుక్క ఆరిపోతుంది, సున్నం అక్కడే ఉండిపోతుంది. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి వలయం, కింది ఫ్రేము అంచున వేలెడు వెడల్పున గట్టిపడిన చార కనిపిస్తాయి. గోరుతో గీకినా రాదు. మీ ఊళ్లో దానికి తోడు రైస్ మిల్లుల ఊక బూడిద. మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు దుమ్మైతే మంచుకు తడిసి ఇంకా గట్టిపడుతుంది.

తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు కలిపి మెత్తటి గుడ్డతో అద్దం మీద మాత్రమే రాయండి. ఐదు నిమిషాలాగి మంచి నీళ్లతో కడిగేయండి. ఆ పులుపు అల్యూమినియం ఫ్రేము మీద నిలవకూడదు. ఇసుక, స్టీలు పీచు, యాసిడ్ దగ్గరికి రానివ్వొద్దు. ఇకపై భగీరథ నల్లా నీళ్లో, పట్టిపెట్టిన వాన నీళ్లో వాడండి, నాలుగు ప్యానెళ్లకు రెండు బకెట్లు చాలు. నీళ్లు ఆరకముందే వైపరుతో తుడిచేయాలి. కడగడం సూర్యుడు రాకముందే. మధ్యాహ్నం అద్దం 65 డిగ్రీల దాకా కాగి ఉంటుంది, చల్లనీళ్లు పడితే పగలొచ్చు.

అన్నట్టు, మే నెలలో ఎండ దంచికొట్టినా యూనిట్లు ఆశించినంత పెరగకపోవడం మురికి వల్ల కాదు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి దాని శక్తి దాదాపు 0.35 శాతం తగ్గుతుంది. 65 దగ్గర 14 శాతం పోతుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్. పని దాదాపు అయిపోయింది. ఆఖరి చెల్లింపు ఇచ్చేముందు ఏం చూడాలి?

ముందు ప్యానెళ్లు. సబ్సిడీకి మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే పనికొస్తాయి, వీటినే డీసీఆర్ అంటారు. వెనక ఉన్న సీరియల్ నంబర్లను బిల్లులోని వాటితో ఒక్కొక్కటిగా సరిచూడండి.

తర్వాత ఎర్తింగ్. మూడు వేరువేరు గుంతలు ఉండాలి: పిడుగు కడ్డీకి ఒకటి, ప్యానెళ్లు, స్టాండుకు ఒకటి, ఇన్వర్టర్ ఏసీ వైపు ఒకటి. మన దగ్గర రెండడుగుల కిందే రాయి తగులుతుంది, అక్కడే ఆపేసి మట్టి కప్పేస్తారు. ఎర్త్ టెస్టర్‌తో మీ ముందే కొలవమనండి, 5 ఓమ్‌ల లోపు రావాలి. రాకపోతే కెమికల్ ఎర్తింగ్ చేయించాలి.

వైర్లు పైపుల్లోనే పోవాలి. ప్యానెళ్ల కింద ఉయ్యాలల్లా వేలాడే వైరును కోతులు ఒక్కరోజులో పీకేస్తాయి. కనెక్టరు సగం ఊడితే లోపల నిప్పురవ్వలు లేచి ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఆరు ప్యానెళ్ల వరుసలో ఎండవేళ 300 వోల్టుల డీసీ ఉంటుంది, ఊడిన కనెక్టరును మీరు ముట్టుకోవద్దు.

నెట్ మీటర్ బిగించక ముందు, ‘ఊరికే నడిపి చూద్దాం’ అన్నా సోలార్ ఆన్ చేయనివ్వకండి. పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు బయటికి పోయే కరెంటును కూడా వాడకంగానే లెక్కేస్తాయి. పదిహేను రోజులు అలా నడిస్తే సోలార్ పెట్టిన నెలలోనే మీకు పెద్ద బిల్లు వస్తుంది.