పడవలోనే చేప కోయించుకోవచ్చా?

అమెరికా పశ్చిమ తీరంలో సరదాగా చేపల వేటకు వెళ్లే పాఠకుల నుంచి ఈ మాసం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం, పట్టిన చేపను ఒడ్డు చేరకముందే కోయించుకోవడం గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: హాఫ్ మూన్ బే నుంచి పార్టీ బోటులో (తలకు ఇంత అని తీసుకుని వేటకు తీసుకువెళ్లే పడవ) వెళ్లి రాక్‌ఫిష్ పట్టాము. తిరిగి వచ్చేటప్పుడు బోటు సిబ్బంది చేపకు ఇంత అని తీసుకుని ఫిల్లెట్లు (ముల్లు లేని కండ పలకలు) కోసి ఇచ్చారు గాని, తోలు తీయమంటే మాత్రం ఎంత అడిగినా ఒప్పుకోలేదు. డబ్బు తీసుకున్నవారు ఆ పని కూడా చేయవద్దా? (ఒక పాఠకురాలు, శాన్ హోసే)

జవాబు: వారు ఒప్పుకోకపోవడమే మీకు మేలయింది. కాలిఫోర్నియా ఫిష్ అండ్ గేమ్ కోడ్‌లో 5508, 5509 అనే రెండు సెక్షన్లు ఉన్నాయి. కొలత పరిమితి ఉన్న చేపను దాని కొలత తేల్చలేని స్థితిలో పడవలో ఉంచుకోవడం గాని ఒడ్డుకు తేవడం గాని నేరమని మొదటిది చెబుతుంది; ఏ జాతి చేపో తేల్చలేని స్థితిలో ఉంచుకోవడం నేరమని రెండవది చెబుతుంది. మీ విషయంలో వర్తించేది రెండవది. రాక్‌ఫిష్ అన్న ఒక్క పేరు కింద పదుల కొద్దీ జాతులు ఉన్నాయి. వర్మిలియన్ అనే ఎర్రని చేపను సంఖ్యా పరిమితికి లోబడి తెచ్చుకోవచ్చు. దాదాపు అదే రంగు వైపు వెళ్లే యెల్లోఐ అనే చేపను మాత్రం ఉంచుకోనే కూడదు. తోలు ఉన్నంత వరకు తెలిసినవారు చూడగానే తేడా చెప్పగలరు. తోలు ఒలిచిన తరువాత రెండూ తెల్లని కండ ముక్కలే కనుక, రేవులో సంచి తెరిచి చూసే వార్డెన్‌కు (చేపల శాఖ తనిఖీ అధికారికి) తేల్చుకునే ఆధారం మిగలదు. అందుకే పడవలో కోసిన రాక్‌ఫిష్ ఫిల్లెట్‌కు తోలు మొత్తం అంటిపెట్టుకుని ఉండాలని నిబంధన పెట్టారు.

ఇల్లు చేరిన తరువాత తోలు తీయడం కష్టమేమీ కాదు. ఫిల్లెట్‌ను తోలు కిందికి వచ్చేలా పరిచి, తోక వైపు కొసను కాస్త ఉప్పు అద్దుకున్న వేళ్లతో గట్టిగా పట్టుకుని, కత్తిని దాదాపు పడుకోబెట్టి తోలుకూ కండకూ మధ్య పోనిస్తూ, కత్తి కన్నా తోలునే అటూ ఇటూ లాగుతూ ఉంటే శుభ్రంగా ఊడి వస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఫిల్లెట్లు ఎవరూ ఇష్టపడరు. ముల్లుతో, తోలుతో పులుసు ముక్కలుగా అడ్డంగా కోయిస్తే జాతి తెలుస్తుంది కదా, తప్పేమిటి? లింగ్‌కాడ్ చేపకు అలా చేయించవచ్చా? (ఒక పాఠకుడు, ఫ్రీమాంట్)

జవాబు: తెలుగువారికి సహజంగా వచ్చే సందేహం ఇది, వంజరమైనా మరేదైనా పులుసుకు ముల్లు ఉండవలసిందేనన్న మీ ఇంటివారి అభిప్రాయంతో నాకు పేచీ లేదు. అయితే పడవ మీద అది కుదరదు. తోలు ఉంటే జాతి తెలుస్తుంది, కాని కొలత తెలియదు. లింగ్‌కాడ్ కనీసం 22 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి. అడ్డంగా ముక్కలు చేసి సంచిలో వేసిన తరువాత ఆ చేప 22 అంగుళాలదో 19 అంగుళాలదో ఎవరు చెప్పగలరు? ఫిల్లెట్ అంటే వెన్నుముల్లుకు ఒక పక్కనున్న కండను తల దగ్గరి నుంచి తోక దాకా ఒకే పలకగా తీసినది కాబట్టి, దాని పొడవును బట్టి చేప పొడవును అంచనా కట్టవచ్చు. ఆ లెక్క మీదనే లింగ్‌కాడ్ ఫిల్లెట్ కనీసం 14 అంగుళాలు ఉండాలని, 22 అంగుళాల కనీస పరిమితి ఉన్న కాలిఫోర్నియా హాలిబట్ ఫిల్లెట్ తోలు మొత్తంతో 16.75 అంగుళాలు ఉండాలని, 14 అంగుళాల కనీస పరిమితి ఉన్న కెల్ప్ బాస్ ఫిల్లెట్ 7.5 అంగుళాలు ఉండాలని నిర్ణయించారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. లింగ్‌కాడ్‌కు తల పెద్దది. సరిగ్గా 22 అంగుళాల చేపను కోసేటప్పుడు కత్తి తలకు ఆనించి పెట్టకుండా కాస్త వెనక్కి పెడితే, న్యాయంగా పట్టిన చేప కూడా పొట్టి ఫిల్లెట్ వల్ల తప్పుడు చేప అయిపోతుంది. హద్దుకు దగ్గరగా ఉన్న చేపను పడవలో కోయించవద్దని నా సలహా. మొప్పలు, పేగులు తీయించి, తలా తోకా అలాగే ఉంచి ఐసులో పెట్టండి. అందువల్ల కొలతకు భంగం ఉండదు, చేప కూడా చెడదు. తల కోయించడం మాత్రం వద్దు, కొలత తల కొస నుంచే మొదలవుతుంది. ఇంటికి తెచ్చి మీకు కావలసిన మందంలో ముక్కలు కోసుకోండి, తల కూడా పులుసుకు మిగులుతుంది. అన్నట్టు, కొన్ని లింగ్‌కాడ్‌ల కండ నీలి ఆకుపచ్చగా ఉంటుంది. చెడిపోయిందనుకుని పారేయకండి, ఉడికితే తెల్లబడుతుంది.

ప్రశ్న: శాన్ డియేగో నుంచి వెళ్లిన బోటులో ఒక్క బ్లూఫిన్ ట్యూనాను ఆరు ముక్కలుగా కోసి ఒక సంచిలో వేసి ఇచ్చారు. ఇది ఆ బోటు వారి పద్ధతా, నియమమా? (ఒక పాఠకుడు, అర్వైన్)

జవాబు: నియమమే. బ్లూఫిన్ పరిమితిని రోజుకు రెండు చేపలకు తగ్గించిన 2015లోనే, కాలిఫోర్నియా తీరంలోని పాయింట్ కన్సెప్షన్ అనే అగ్రానికి దక్షిణాన పడవలో ట్యూనాను కోస్తే ఆరు భాగాలుగానే కోయాలని కూడా నిర్ణయించారు. నాలుగు పొడవాటి కండ భాగాలు, రెండు పక్క రెక్కలతో సహా ఒకే ముక్కగా తీసిన మెడ పట్టీ, మలద్వారమూ పొట్ట రెక్కలూ చెక్కుచెదరకుండా తీసిన పొట్ట భాగం, మొత్తం ఆరు. అన్నింటికీ తోలు ఉండాలి. ఒక్కొక్క చేప భాగాలు విడిగా సంచిలో ఉండి, సంచి మీద జాతి పేరు రాసి ఉండాలి. బ్లూఫిన్‌కు పక్క రెక్క పొట్టిగా ఉంటుంది, యెల్లోఫిన్‌కు పొడవుగా ఉంటుంది. మెడ పట్టీని రెక్కలతో ఉంచమనడానికి కారణం అదే.

ప్రశ్న: అమ్మానాన్నలను అలాస్కా తీసుకువెళ్లి హోమర్‌లో హాలిబట్ వేటకు వెళదామనుకుంటున్నాము. అక్కడా ఇవే నియమాలా? (ఒక పాఠకురాలు, సియాటిల్)

జవాబు: కావు. అది పసిఫిక్ హాలిబట్, వేరే చేప. నియమం కూడా వేరు. పడవలో ఒక్కొక్క చేపను రెండు పై భాగాలు, రెండు కింది భాగాలు, రెండు బుగ్గ ముక్కలకు మించి కోయకూడదు, ప్రతి ముక్కకూ కొంత తోలు సహజంగా అంటి ఉండాలి. ఫ్లోరిడాకు వెళితే మరో తీరు: గ్రూపర్, స్నాపర్ వంటి చేపలను తలా, రెక్కలూ, తోకలతో ఒడ్డుకు తేవాలి. ఒక రాష్ట్రంలో నేర్చుకున్నది మరో రాష్ట్రంలో పనికి రాదు. పైగా కాలిఫోర్నియాలో రాక్‌ఫిష్ పరిమితులు వేట కాలం మధ్యలో కూడా మారుతుంటాయి కనుక, బయలుదేరే ముందు ఆ రాష్ట్రపు చేపల శాఖ వెబ్‌సైటు చూసుకోవాలి.

ప్రశ్న: కోసిన చేపలో ఏదైనా తప్పు దొరికితే బాధ్యత కోసినవారిదా, మాదా? కోసిన ముక్కలను ఇంటి దాకా ఎలా తేవాలి? (ఒక పాఠకుడు, శాక్రమెంటో)

జవాబు: సంచి మీ చేతిలో ఉంటే మొదట సమాధానం చెప్పవలసింది మీరే. అందుచేత కోసేటప్పుడు దగ్గర నిలబడి, మీ చేపల ముక్కలు మరొకరి వాటితో కలవకుండా చూసుకోండి. రెండు ఫిల్లెట్లు ఒక చేప లెక్క. ఇంట్లో ఫ్రీజర్‌లో ఉన్నవి కూడా మీ పరిమితిలోకే వస్తాయని మరవవద్దు. ఇక ముక్కలను నేరుగా ఐసు మీద వేస్తే కరిగిన నీటిలో నాని రుచి పోతుంది, కాబట్టి మూసిన సంచుల్లో పెట్టి ఐసులో కప్పెట్టాలి. ట్యూనా, మాకెరెల్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం: వెచ్చగా ఉండిపోతే కండలో హిస్టమిన్ పుడుతుంది, అది వండినా పోదు. ఆ చేపలను పట్టిన వెంటనే రక్తం కార్చి, ఐసు కలిపిన సముద్రపు నీటిలో ముంచి, కోత సంగతి ఆ తరువాత చూసుకోండి.