గర్భసంచి తీయించుకునే ముందు, చెల్లీ

చెల్లీ,

"గర్భసంచిలో గడ్డ ఉందంట అక్కా, వచ్చే వారమే సంచి తీసేస్తారంట" అని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. తొందరపడొద్దు.

నువ్వు పంపిన స్కానింగ్ కాగితం చూశా. ఫైబ్రాయిడ్ నాలుగు సెంటీమీటర్లు అని ఉంది. ఫైబ్రాయిడ్ అంటే క్యాన్సర్ కాదు, గర్భసంచి కండలో పెరిగే మామూలు గడ్డ. చాలామందికి అది ఉన్న సంగతే తెలియదు. మన ఒంట్లో హార్మోన్లే దానికి తిండి, ముట్లుడిగాక ఆ తిండి తగ్గి గడ్డ కూడా మెల్లగా చిక్కిపోతుంది. నీకిప్పుడు 47, మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ముట్లుడుగుతాయి. పైగా ఈ వయసులో కొన్ని నెలలు అండం విడుదల కాదు, గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి ఒక్కసారిగా రక్తం ధారగా పోతుంది, కాబట్టి నీకు ముట్టులో ఎక్కువగా పోతున్న రక్తమంతా గడ్డ వల్లే అని ఎలా అనుకుంటాం? థైరాయిడ్ వల్ల కూడా ఎక్కువ పోవచ్చు, ముందు అది చూపించు. 45 దాటినాక ఇలా పోతుంటే లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయాలి, అది చేశారా అని అడుగు.

నాకు 38 ఏళ్లప్పుడు ఒక ఆసుపత్రిలో రెండో మాట లేకుండా తీసేశారు, నాకు చెప్పకుండా అండాశయాలు కూడా. హార్మోన్లు ఆగిపోయి నెల తిరక్కుండానే ఒళ్లంతా మంటలు, మేడ మీద పడుకున్నా అర్ధరాత్రి జాకెట్టు పిండితే నీళ్లు కారేవి. యాభై దాటగానే బాత్రూంలో జారితే మణికట్టు విరిగింది, ఎముకలు గుల్లబారాయన్నారు. నీకలా కాకూడదు. ఇలా అవసరం లేకుండా తీసేయడాన్ని ఆపాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పింది.

గోడ మీది క్యాలెండర్లో ఏ రోజు ఎన్ని ప్యాడ్లు మార్చావో పెన్సిల్‌తో గీతలు పెట్టు, రక్తం గడ్డలుగా పడితే చుక్క పెట్టు. హిమోగ్లోబిన్ చూపించు, 12 కంటే తక్కువుంటే రక్తం తక్కువున్నట్టే. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు, నిమ్మకాయ నీళ్లతో వేసుకో, మలం నల్లగా వస్తే భయపడొద్దు. గంటకో ప్యాడ్ తడిసిపోతూ రెండు గంటలు దాటినా, కళ్లు తిరిగినా ఆ రాత్రే ఆసుపత్రికి పో.

డాక్టర్ని అడగాల్సింది ఇది: గడ్డ లోపలి పొరలోకి వచ్చిందా, బయటి గోడకుందా? లోపలికొస్తే చిన్నదైనా రక్తం ఎక్కువ పోతుంది. రక్తస్రావం తగ్గించే మాత్రలు, గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ పనికొస్తాయా? ఒకవేళ తీయాల్సి వస్తే, అండాశయాలు బాగుంటే ఉంచుతారా? మందులు వాడినా హిమోగ్లోబిన్ పడిపోతుంటే, మూత్రసంచి మీద ఒత్తిడి పడుతుంటే ఆపరేషనే మంచిది, అప్పుడు నేనే పక్కనుండి చేయిస్తా.

ఇంకొకటి, ఏడాదిపాటు ముట్టు ఆగిపోయాక ఒక్క చుక్క కనపడినా ఆలస్యం చేయొద్దు. అందరితో ఇదే చెప్తా నేను.

సోమవారం ఎమ్మిగనూరు నుంచి పొద్దున మొదటి బస్సుకే రా. పాత స్కానింగులు, రక్తపరీక్షల కాగితాలన్నీ సంచిలో వేసుకో. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆడవాళ్ల ఓపీ దగ్గర లైన్లో నేను నిలబడి ఉంటా.

మీ అక్క