లెక్క కుదిరింది, వాక్యం ఒప్పుకోలేదు

డబ్బు విషయాల్లో సొంత తెలివి మీద కాకుండా దేవుని మీద ఆధారపడాలంటారు కదా, అంటే లెక్కలు వేసుకోకూడదా, ఏదైనా గుర్తు కోసం ఎదురుచూడాలా అని మీరు అడిగారు. గుర్తుల సంగతి నేను చెప్పలేను, నాకు ఎప్పుడూ రాలేదు. నేను పెట్టిన ఒక సంతకం గురించి చెబుతాను.

మాది భీమవరం దగ్గర ఒక పల్లె. గవర్నమెంటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. 2016లో మా పెదనాన్నగారి అబ్బాయి రెండు చెరువులు లీజుకి తీసుకుని వనామి రొయ్యలు వేశాడు. పెట్టుబడి కోసం 10 లక్షల చీటీ కట్టేవాడు. 40 నెలలు, నెలకు 25 వేలు. ఎనిమిదో నెలలో పాడుకున్నాడు. పాడినవాడు డబ్బు తీసుకోవాలంటే మిగతా వాయిదాలకు ష్యూరిటీ చూపించాలి, అదీ జీతం వచ్చే ఉద్యోగులు కావాలి. ఒకాయన దొరికారు. రెండో సంతకం కోసం అన్నయ్య మా ఇంటికి వచ్చాడు. "తమ్ముడూ, నిన్ను రూపాయి కట్టమనడం లేదు, శాలరీ సర్టిఫికెట్ ఒకటి చాలు" అన్నాడు.

నేను గుడ్డిగా ఏమీ పెట్టలేదు. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. అంతకుముందు రెండు పంటలు బాగా వచ్చాయి. మేత ఖర్చు, లీజు, కరెంటు, డీజిలు తీసేసినా వాయిదాలు కట్టగలడు. మనిషి మంచివాడు, తాగుడు లేదు. నాకు తెలిసినంతలో అందులో తప్పు లేదు.

మా ఆవిడకు బైబిల్లోని సామెతల గ్రంథంలో ఏ తేదీన ఆ అధ్యాయం చదివే అలవాటు. సరిగ్గా ఆ వారంలోనే 11వ తేదీ వచ్చింది. కుటుంబ ప్రార్థనలో పదకొండో అధ్యాయం చదువుతూ "ఎదుటివానికొరకు పూటబడినవాడు చెడిపోవును" అన్న దగ్గర ఆగి నా వైపు చూసింది. "ఏవండీ, పూటబడడం అంటే మీరు పెట్టబోయే సంతకమే కదా" అంది. అది పరాయివాళ్ళ కోసం చెప్పింది, ఇతను సొంత అన్నయ్య, కాదంటే పెదనాన్న ముఖం ఎలా చూస్తాను అన్నాను. తర్వాత ప్రార్థన కూడా చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రార్థనలో నేను ప్రభువును ఏమీ అడగలేదు. ముందే నిర్ణయించుకుని, దాన్ని ఆశీర్వదించమన్నాను. రెండు రోజుల తర్వాత సంతకం పెట్టాను.

మరుసటి ఏడాది చెరువుల్లో తెల్లమచ్చ జబ్బు దిగింది. రొయ్యలు పెంచేవాళ్ళకు ఆ మాట వింటేనే గుండె జారిపోతుంది. రోజుల్లోనే చెరువంతా పోతుంది, చేయగలిగింది బతికున్న సరుకు వెంటనే పట్టేయడమే. నలభై అయిదో రోజున పట్టారు. రొయ్య ఇంకా చిన్నది, మేత డబ్బులు కూడా రాలేదు. అన్నయ్య పందొమ్మిదో వాయిదా వరకూ ఎలాగో కట్టి ఆగిపోయాడు.

నోటీసు నాకు వచ్చింది. అసలువాడిని అడిగి, అతను కట్టలేకపోతేనే నా దగ్గరికి వస్తారని అప్పటివరకూ అనుకునేవాణ్ణి. ష్యూరిటీ సంతకం పెట్టేవాళ్ళలో చాలామంది ఇలాగే అనుకుంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో పూచీ పడ్డవాడికీ అంతే బాధ్యత. నేరుగా మన దగ్గరికే రావచ్చు. నాతోపాటు సంతకం పెట్టినాయన అప్పటికే రిటైరయ్యారు, పెన్షన్‌ను జప్తు చేయడానికి లేదు. జీతం మాత్రం మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు వదిలేసి తక్కినది కోర్టు ద్వారా అటాచ్ చేయించవచ్చు. మిగిలిన వాయిదాలు వడ్డీతో కలిపి లెక్క తేల్చారు. స్కూల్లో హెడ్మాస్టరుగారి చేతికి కోర్టు కాగితం వస్తుందన్న టెన్షన్‌తో నెల రోజులు సరిగ్గా నిద్రపోలేదు. చివరికి జీతంలోంచి దాచుకున్న జీపీఎఫ్ నుంచి కొంత తీసి, మా ఆవిడ గాజులు, హారం తాకట్టు పెట్టి కట్టేశాం. ఆమె ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో అనిపించింది.

ఆ తర్వాతే "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక" అన్న మాట నాకు అర్థమైంది. చిన్నప్పుడు సండేస్కూల్లో కంఠతా పట్టిన వచనమే. స్వబుద్ధి అంటే తెలివితక్కువతనం అనుకునేవాణ్ణి. కాదు. నా లెక్క తెలివైనదే, కూడికల్లో పొరపాటు లేదు. కానీ చెరువులోకి ఏ జబ్బు వస్తుందో ఆ లెక్కలో లేదు, ఉండదు కూడా. ఆ వచనం లెక్క వేయొద్దని చెప్పలేదు, దాని మీద ఆనుకోవద్దంది. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగారు. యోసేపు ఫరో కల భావం దేవుని వల్ల తెలుసుకున్నాడు, వెంటనే పంటలో అయిదో భాగం నిల్వ చేయాలని లెక్క చెప్పాడు. కాబట్టి మీరు లెక్క వేయండి. లెక్క సరేనన్నాక కూడా వాక్యం వద్దంటే, ఆగగలరా అన్నదే అసలు సంగతి. నేను ఆగలేదు.

ఇక్కడ ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. దేవుణ్ణి నమ్మడమంటే అప్పు చేసైనా కానుక పంపితే వందరెట్లు వస్తుందని కొందరు బోధిస్తారు. దయచేసి అలా చేయకండి. వాళ్ళ మాట విని నగలు అమ్ముకున్నవాళ్ళు మా సంఘంలోనే ఉన్నారు. ప్రథమఫలం, అంటే రాబడిలో మొదటి భాగం, దేవునికి ఇవ్వమన్నది ఆయనను ఘనపరచడానికి, తిరిగి ఎంత వస్తుందో చూసుకోవడానికి కాదు.

2022లో మళ్ళీ అదే పరిస్థితి వచ్చింది. తోటి టీచర్ ఒకాయన కూతురి పెళ్ళికి చీటీ పాడుకుని సంతకం అడిగారు. ఈసారి ప్రార్థనలో నిజంగానే అడిగాం. మందిరంలో పాస్టర్ అయ్యగారితో, మా ఆవిడ అన్నయ్యతో కూడా మాట్లాడాను. "మాస్టారూ, పూచీ పడలేను. ఈ 30 వేలు పెళ్ళి ఖర్చుకి ఉంచండి, తిరిగి ఇవ్వక్కర్లేదు" అని చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. ఆరు నెలలు స్టాఫ్ రూములో నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆయనకు వేరే సంతకం దొరికింది, పెళ్ళి బాగా జరిగింది, వాయిదాలన్నీ సమయానికి కట్టారు. అంటే నేను సంతకం పెట్టి ఉన్నా నాకు నష్టమేమీ వచ్చేది కాదు. ఇది దాచకుండా చెప్పాలనుకున్నాను, ఎందుకంటే మనం సాక్ష్యాలు చెప్పేటప్పుడు మాట విన్న ప్రతిసారీ ఏదో గండం తప్పినట్టే చెబుతాం. ఈసారి నాకు తప్పిన గండం లేదు. అయినా ఆ రాత్రి పడుకున్నప్పుడు ఉన్న నెమ్మది నాకు తెలుసు, 2016లో సంతకం పెట్టిన రాత్రి అది లేదు.

అన్నయ్య ఇప్పుడు చెరువులు వదిలేసి మేత షాపులో పనిచేస్తున్నాడు. నెలకు 5 వేలు నాకు పంపుతాడు, కుదరని నెల ఫోన్ చేసి చెబుతాడు. క్రిస్మస్‌కి రెండు కుటుంబాలం కలిసే భోంచేస్తాం. మా అమ్మాయి ఎంటెక్‌కి ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవాలా, ఒక ఏడాది ఉద్యోగం చేసి చదవాలా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాం. ఫీజు, వడ్డీ అన్నీ కాగితం మీద వేసి పెట్టాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది. ఆదివారం అన్నయ్యను కూడా రమ్మన్నాను, అప్పు గురించి ఆయన చెప్పే మాట నాకు కావాలి.