బ్రేకు తొక్కితే ఇండికేటర్ ఎందుకు వెలుగుతోంది?

ప్రశ్న: మాది 2003 మోడల్ మారుతి 800. బ్రేకు తొక్కితే ఎడమవైపు వెనక లైటు మసకగా వెలుగుతోంది. దాంతోపాటు అటువైపు ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతోంది. ఇండికేటర్ వేస్తే మామూలు కంటే వేగంగా కొట్టుకుంటోంది. బల్బులు రెండుసార్లు, ఫ్లాషర్ (ఇండికేటర్‌ను కొట్టుకునేలా చేసే రిలే) ఒకసారి మార్పించాం. అయినా అంతే. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇక బల్బులు కొనకండి. ఇది ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) సరిగా అందక వచ్చే జబ్బు. వెనక ల్యాంపులోని బ్రేకు, పార్కింగు, ఇండికేటర్ బల్బులన్నీ ఒకే ఎర్త్ మీద నడుస్తాయి. ఆ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు పట్టిందంటే, బ్రేకు బల్బులోకి వచ్చిన కరెంటు బయటికి పోయే దారి లేక పక్కనున్న ఇండికేటర్ బల్బులోకి మళ్లుతుంది. అక్కడి నుంచి ముందు ఇండికేటర్ దాకా వెళ్లి, అక్కడి ఎర్త్‌లో కలుస్తుంది. చీకటిపడ్డాక ఎవరినైనా బ్రేకు తొక్కమని ముందు ఎడమ ఇండికేటర్ చూడండి, అదీ లీలగా వెలుగుతూ ఉండొచ్చు. ఇక వేగం సంగతి. బల్బు మాడి కరెంటు తగ్గితే డ్రైవరుకు తెలియాలని ఫ్లాషర్ జోరు పెంచుతుంది. ఎర్త్ చెడి కరెంటు తగ్గినా అంతే. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి.

ఖాయం చేసుకోవడానికి మూరెడు వైరు చాలు. ఒక కొస బల్బు హోల్డర్ ఇనుప అంచుకి, రెండో కొస పెయింటు లేని బాడీ ఇనుముకి ఆనించి బ్రేకు తొక్కించండి. లైటు భగ్గుమని, ఇండికేటర్ ఆరిపోతే దొంగ దొరికినట్టే. మల్టీమీటర్ ఉంటే 20 వోల్టుల డీసీలో పెట్టి, ఎర్ర మొన హోల్డర్ అంచుకి, నల్ల మొన బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టండి. బ్రేకు తొక్కినప్పుడు 0.2 వోల్టు లోపు చూపాలి. అర వోల్టు దాటితే బాగుచేయాల్సిందే. 21 వాట్ల బల్బుకు ఎర్త్‌లో ఒక్క ఓమ్ అడ్డు తగిలినా దాదాపు ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది, వెలుగు మూడో వంతు పడిపోతుంది. వెనక వచ్చే బండివాడికి మీ బ్రేకు కనిపించాల్సిన క్షణంలో ఇది చిన్న లోటు కాదు.

బాగుచేయడం పది నిమిషాల పని. ల్యాంపు నుంచి వచ్చే ఎర్త్ వైరు (సాధారణంగా నల్లది) బాడీకి కలిసే స్క్రూ విప్పండి. లగ్గునూ (వైరు కొసన ఉండే లోహపు రింగు), దాని కింది ఇనుమునూ తళతళలాడేదాకా ఎమరీ కాగితంతో రుద్దండి. పళ్ల వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. హోల్డర్‌లో ఆకుపచ్చ చిలుము ఉంటే అదీ గీకేయండి. అడుగున స్ప్రింగు నీరసించినా, బల్బు సీసం చుక్క గుంటపడినా కాంటాక్టు అందదు.

ఇంకో మాట. బ్రేకు హోల్డర్‌లో ఉండాల్సింది 21/5 వాట్ల (బ్రేకుకు 21, పార్కింగుకు 5) డబుల్ ఫిలమెంట్ బల్బు. అడుగున ఒకే చుక్క ఉన్న బల్బును అందులో దూర్చితే రెండు కాంటాక్టులనూ కలిపేస్తుంది. అప్పుడు బ్రేకు తొక్కగానే పార్కింగు లైట్లన్నీ, మీటరు లైట్లూ వెలుగుతాయి. రెండుసార్లు మార్పించారు కాబట్టి ఓసారి బల్బు అడుగు చూడండి. రెండు చుక్కలుండాలి.

ప్రశ్న: పాత కారు. బ్రేకు వదిలేసినా వెనక లైట్లు ఆరడం లేదు. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతోంది.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పెడల్ పైన, బ్రాకెట్టుకు ఉన్న చిన్న స్విచ్ చూడండి. పెడల్ పైకి వచ్చినప్పుడు దాని పిన్నును లోపలికి నొక్కాలి, అప్పుడే లైటు ఆరుతుంది. పెడల్ మీద పిన్ను తగిలే చోట బెజ్జంలో ఉండే రబ్బరు బిళ్ల ఏళ్లు గడిచేసరికి పొడై రాలిపోతుంది. పిన్ను ఆ బెజ్జంలోంచి బయటికి వచ్చేస్తుంది. కాళ్ల దగ్గర మ్యాటు మీద రబ్బరు ముక్కలు కనిపిస్తే ఇదే. కొత్త బిళ్ల వేయించండి. బిళ్ల బాగానే ఉంటే పిన్నును వేలితో నొక్కి చూడండి. అయినా ఆరకపోతే స్విచ్ మార్చాలి. అందాకా రాత్రిపూట బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. రెండు 21 వాట్ల బల్బులు మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ పది గంటల్లో ఖాళీ.

ప్రశ్న: బైకు ఇండికేటర్లకు ఎల్‌ఈడీ బల్బులు వేయించా. గబగబా కొట్టుకుంటున్నాయి. బల్బుల నాణ్యతా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాదు. పాత ఫ్లాషర్ 10 వాట్ల బల్బుల లోడుకు చేసింది, ఎల్‌ఈడీ ఒకటి రెండు వాట్లే తీసుకుంటుంది. ఎల్‌ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ అడిగి తీసుకోండి. ప్లస్, లోడు (బల్బులకు వెళ్లే) పిన్నులు పాతదానితో సరిపోతున్నాయో చూసుకోండి. రెసిస్టర్లు వేసినా పని జరుగుతుంది కానీ అవి బాగా వేడెక్కుతాయి, ప్లాస్టిక్‌కు ఆనించి కట్టకూడదు.