మీరు అడిగారు: బరువులెత్తే హెలికాప్టర్లు

ప్రశ్న: 2024 ఆగస్టు చివర్లో కేదార్‌నాథ్ దగ్గర చెడిపోయిన ఒక ప్రైవేటు హెలికాప్టర్‌ను ఎంఐ-17 తాడుకు వేలాడదీసి తీసుకువెళ్తూ, దారిలోనే లోయలోకి వదిలేసిన వీడియో చూశాను. బుల్‌డోజర్లను సైతం మోసే హెలికాప్టర్లు ఉన్నాయంటారు కదా, ఇంత చిన్నదాన్ని మోయలేకపోవడమేమిటి? యుద్ధం లేనప్పుడు అలాంటి వాటికి పనేముంటుంది?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఎంఐ-17 మధ్యస్థాయి హెలికాప్టర్. మైదానంలో నాలుగు టన్నుల దాకా ఎత్తగలదు కానీ, సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉన్న కేదార్‌నాథ్‌లో గాలి పలచన కాబట్టి అక్కడ అంత ఎత్తలేదు. పైగా చిక్కంతా బరువుతోనే రాదు. వేలాడే వస్తువు డొల్లగా, వెడల్పుగా ఉంటే గాలికి ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు ముదిరితే మోసే హెలికాప్టర్‌నే పక్కకు లాగేస్తుంది. అదుపు తప్పేలా ఉంటే బరువును విడిచిపెట్టడమే పైలట్ చేయవలసిన పని. కింద ఎవరికీ హాని జరగలేదు కనుక, దాన్ని చేతకానితనమనడం సబబు కాదు.

అదే కేదార్‌నాథ్ నుంచి, 2018లో కూలిన ఒక ఎంఐ-17 శకలాలను 2020 అక్టోబరులో వాయుసేనకు చెందిన చినూక్ అనే పెద్ద హెలికాప్టర్ తరలించింది. చినూక్‌కు ముందొకటి, వెనకొకటి పెద్ద రోటర్లు (తిరిగే రెక్కల చక్రాలు) ఉండి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. అందువల్ల హెలికాప్టర్ తనే గిర్రున తిరిగిపోకుండా ఆపే తోక రోటర్ అవసరం లేక, ఇంజన్ల శక్తి దాదాపు మొత్తం బరువెత్తడానికే దక్కుతుంది. దాని పొట్ట కింద మూడు కొక్కేలుంటాయి. ముందు, వెనుక కొక్కేలకు కలిపి కడితే బరువు గిర్రున తిరగదు.

ఇక బుల్‌డోజర్ల మాట నిజమే. 32 మీటర్ల వ్యాసంలో ఎనిమిది రెక్కలు తిరిగే రష్యా ఎంఐ-26 ఇరవై టన్నులు మోస్తుంది. 2008 మేలో చైనాలోని సిచువాన్‌లో భూకంపం వచ్చినప్పుడు కొండచరియలు నదికి అడ్డంగా పడి తాంగ్‌జియాషాన్ వద్ద ఒక సరస్సు ఏర్పడింది. ఆ మట్టికట్ట తెగితే దిగువ ఊళ్లు కొట్టుకుపోతాయి. అక్కడికి చేరే రోడ్లా, అప్పటికే ధ్వంసమయ్యాయి. అప్పుడు ఎంఐ-26 మట్టి తవ్వే యంత్రాలను కట్ట మీదికి చేరవేయగా, వాటితో కాలువ తవ్వి నీటిని క్రమంగా వదిలారు. ఈ హెలికాప్టర్ల అసలు విలువ ఇలాంటి చోటే తెలుస్తుందని నా అభిప్రాయం.

నిర్మాణరంగంలో స్కైక్రేన్ అనే బరువులెత్తే హెలికాప్టర్‌ది వేరే తరహా. టొరంటోలోని సీఎన్ టవర్ శిఖరాన ఉన్న యాంటెన్నాను 1975లో ముక్కలు ముక్కలుగా పైకి చేర్చి అమర్చింది ఇదే. ఇందులో వెనక్కి తిరిగి ఉండే పైలట్ సీటు ఒకటుంది. అక్కడ కూర్చున్నవారు వేలాడే బరువును కళ్లారా చూస్తూ హెలికాప్టర్‌ను స్వయంగా నడపగలరు. కింద పనిచేసేవారూ జాగ్రత్తగా ఉండాలి. తిరిగే రెక్కల వల్ల హెలికాప్టర్‌లో స్థిర విద్యుత్తు పేరుకుంటుంది కనుక, నేలకు కలిపిన లోహపు కడ్డీని ముందుగా కొక్కేనికి తాకించకుండా దాన్ని ముట్టుకుంటే గట్టి షాక్ తగులుతుంది.

మరి అన్ని పనులకూ వీటినే వాడవచ్చు కదా అంటే, ఖర్చు అడ్డం వస్తుంది. ఎంఐ-26 గంటకు సుమారు మూడు టన్నుల ఇంధనం తాగుతుంది. లారీ వెళ్లగలిగిన చోటికి దీన్ని ఎవరూ పిలవరు. కార్చిచ్చు సంగతి వేరు. అక్కడ నిమిషాలే లెక్క. ఆస్ట్రేలియాలో మంటలార్పే స్కైక్రేన్ చెరువు మీద నిలబడి, గొట్టంతో సుమారు పదివేల లీటర్ల నీటిని నిమిషంలోపే తోడుకుంటుంది.