ఇంకుడు గుంత తవ్విస్తే బోరు నిండుతుందా?

మీది 150 గజాల ఇల్లు, చుట్టూ సిమెంటు గచ్చు, ఏప్రిల్ వచ్చేసరికి బోరు ఎండిపోతోంది, ఇంకుడు గుంత తవ్విస్తే ఫలితం ఉంటుందా అని అడిగారు. హైదరాబాద్ శివార్లలో మాదీ అలాంటి ఇల్లే. గుంత తవ్వించండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి.

మన కింద ఉన్నది గ్రానైటు. పైన కొంత మొరం, దాని కింద రాయి, రాతిలో పగుళ్లు. బోరుకు నీళ్లు అందేది ఎక్కువగా ఆ పగుళ్ల నుంచే. మీరు ఇంకించిన నీరు మీ బోరుకు తగిలే పగుల్లోకే వెళ్తుందని ఎవరూ చెప్పలేరు. మా వీధిలో గుంత మాది, వేసవిలో మోటారు నడిచేది ఎదురింటివారిది! వాళ్లు ఇప్పుడు మాతో మరీ మర్యాదగా ఉంటున్నారు, అదొక లాభం.

అందుకే వాన నీటిని ముందు ట్యాంకులో పట్టుకుని వాడుకోవాలి, పొర్లిపోయే నీటినే గుంతలోకి వదలాలి అని నా అభిప్రాయం. లెక్క తేలికే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. పేపర్లో మూడు సెంటీమీటర్ల వాన అని రాస్తే, తడికీ ఆవిరికీ పోయింది తీసేసినా మీ డాబా మీద రెండు వేల లీటర్లకు పైనే పడినట్టు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మేము ప్రహరీ పక్కన రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించాం. ఆ నాలుగు నెలలూ బట్టలకూ, బాత్రూములకూ, నేల తుడవడానికీ ఆ నీళ్లే. తాగే నీళ్లు పడే సంపులో మాత్రం వాన నీటిని కలపకండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది డాబా నుంచి దిగే పైపు మీద. వేసవంతా పేరుకున్న దుమ్ము, పావురాల రెట్టలు, వేపాకులు అన్నీ తొలి వానతోనే దిగుతాయి. పైపుకు అడుగున టీ జాయింటు వేయించి, ఒక వైపు కాలువలోకి, ఇంకో వైపు ట్యాంకులోకి గేట్ వాల్వులు పెట్టించండి. వాన మొదలయ్యాక పది నిమిషాలు కాలువలోకి వదిలేసి, నీరు తేటగా కనిపించాక ట్యాంకు వైపు తిప్పాలి. దీనికి ఇంట్లో ఎవరో ఒకరు గొడుగు వేసుకుని నిలబడాలి, మా ఇంట్లో ఆ ఉద్యోగం నాదే. ట్యాంకు మూతకూ, పైపు నోటికీ దోమతెర గుడ్డ బిగించడం మరిచిపోకండి, లేకపోతే డెంగీ దోమలను మనమే పెంచినట్టవుతుంది.

ఇక గుంత. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు చాలు. పునాదికీ సెప్టిక్ ట్యాంకుకూ వీలైనంత దూరంగా ఉండాలి. మేస్త్రీలు పైదాకా కంకర నింపేస్తారు, ఒప్పుకోకండి. ఖాళీగా ఉంటే ఆ గుంతలో 2,700 లీటర్లు పడతాయి, అంతా కంకరే నింపితే వెయ్యి పైచిలుకు మాత్రమే. అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, ఆపైన దొడ్డు ఇసుక, సగం లోతు వరకే వేయించి, పైన జాలీ మూత పెట్టించండి. ఏటా వానలకు ముందు ఆ ఇసుక పైపొరను తీసి కొత్తది వేయాలి. ఒండ్రు పట్టిన గుంత ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. వడకట్టని నీటిని ఎండిన బోరు కేసింగులోకి నేరుగా వదలమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఆ మురికి భూగర్భ జలంలో కలిసి అందరికీ చేరుతుంది.

పొదుపు గురించి కూడా అడిగారు. ఆర్వో ఫిల్టరు వదిలే నీటిని బకెట్లో పట్టి బాత్రూము కడగడానికి వాడండి. మొక్కలకు రోజూ పోయవద్దు, ఉప్పు శాతం ఎక్కువ. పైట్యాంకు పొర్లకుండా ఆటోమేటిక్ స్విచ్ పెట్టించుకోండి.

మేస్త్రీతో బేరమాడే ముందు ఒక పరీక్ష చేయండి. గుంత అనుకున్న చోట రెండడుగులు తవ్వి, నీళ్లు నింపి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఇంకిపోతే పని మొదలుపెట్టవచ్చు. నల్లరేగడి తగిలి నీళ్లు అలాగే నిలిస్తే, మొరం వచ్చేదాకా లోతు పెంచాలి. అది కుదరకపోతే ఆ డబ్బుతో ఇంకో ట్యాంకు కొనుక్కోండి.