ముందు ఒక్క డబ్బా

ప్రియమైన చిన్నారికి,

ప్రభువు నామంలో శుభాలు. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా భూమిని కాపాడటానికి సంఘం చేత రోజుకో పని చేయిస్తావట. మీ అమ్మ చెప్పగానే మనసు పొంగింది, వెంటనే గుబులూ పుట్టింది. ముప్ఫై నాలుగు రోజులకు ముప్ఫై నాలుగు పనులా? మరి అక్టోబరు 5న ఏం చేస్తారు?

1989లో ఆర్థడాక్సు క్రైస్తవుల పెద్ద, పాట్రియార్కు దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా పెట్టారనీ, అక్టోబరు 4 పశుపక్ష్యాదుల్ని ప్రేమించిన పునీతుడు అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగనీ రెండు నిమిషాల్లో చెప్పేయి. లైట్లు ఆర్పడం, కాగితం రెండువైపులా వాడటం, నలుగురూ ఒకే బండిలో రావడం ప్రకటనల్లో చెబితే చాలు. కారే కుళాయిని మాత్రం కొలిచి చూపించు. కింద గ్లాసు పెట్టి గంటసేపు ఆగు. వంద మిల్లీలీటర్లు పడితే రోజుకు 2.4 లీటర్లు, ఏడాదికి 876. చాలాసార్లు లోపలి వాషరు అరిగి ఉంటుంది. మెయిన్ వాల్వు కట్టేసి మార్చేయండి.

ఇక కంపోస్టు, అంటే వంటింటి చెత్తను ఎరువు చేయడం. నా భయమంతా దీని గురించే. ఇందులో జరిగే పొరపాటు పాతదే, ఏ సంఘంలో చూసినా అదే. విందు అయ్యాక మిగిలినదంతా డబ్బాలో కుమ్మరించి, మూత బిగించి, ప్రార్థన చేసి వెళ్ళిపోతారు. ఒట్టి తడి చెత్త తన బరువుకే అణిగిపోతుంది. సందుల్లో నీరు నిండి గాలి ఆడదు. గాలి లేనిచోట పెరిగే సూక్ష్మజీవులు కుళ్ళిన గుడ్డు కంపు పుట్టిస్తాయి. వారం తిరిగేసరికి పురుగులు. ఎవరో ఫినాయిల్ పోస్తారు, పనిచేసే జీవులూ చస్తాయి. ఆపైన డబ్బా గోడ వెనక్కి పోతుంది. మరోసారి ఈ మాట ఎత్తితే అందరికీ ఆ కంపే గుర్తొస్తుంది.

ఐదువేల మంది తిన్నాక, ఏమీ నష్టపోకుండా ముక్కలు పోగుచేయమన్నాడు ప్రభువు (యోహాను 6:12). పన్నెండు గంపలు నిండాయి, గోతిలో పోయలేదు. కాబట్టి తినగలిగింది ముందు మనుషులకు పంచు. తొక్కలు, కాడలు, పాడైన ఆకులే డబ్బాకు.

20 లీటర్ల డబ్బా తీసుకుని అడుగునా పక్కలా పెన్సిలంత రంధ్రాలు వేయి. రెండు ఇటుకల మీద నిలబెట్టి కింద పళ్ళెం పెట్టు. అడుగున నాలుగు వేళ్ళ మందాన పుల్లలు, ఎండుటాకులు పరుచు. ఒక గిన్నె తడి చెత్తకు రెండు గిన్నెల పొడి చెత్త, అంటే ఎండుటాకుల్లాంటివి. ఈ లెక్క తప్పొద్దు! ముక్కలు చిన్నగా తరుగు, గుప్పెడు తోటమట్టి చల్లు. పైన ఎప్పుడూ ఎండుటాకుల పొరే కనబడాలి. మాంసం, ఎముకలు, పాలు, నూనె వద్దు. పిడికిట పట్టి పిండితే చుక్కో రెండో రావాలి. ధారగా కారితే ఎండుటాకులు కలుపు, పొడిగా రాలితే నీళ్ళు చిలకరించు. ఘాటుగా ముక్కుకు ఎక్కితే తడి చెత్త ఎక్కువైందన్నమాట.

వారానికోసారి కలియబెట్టు, చాలు. సండే స్కూల్లో గింజ నాటి, మొలకొచ్చిందో లేదోనని రోజూ తవ్వి చూసేదానివి. ఆ గింజ ఎలా మొలుస్తుంది, పిచ్చితల్లీ? డబ్బా నిండాక కొత్త చెత్త వేయకుండా రెండోది మొదలుపెట్టు. దాదాపు మూడు నెలలకు నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. చిన్న డబ్బా పెద్దగా వేడెక్కదు, కలుపు గింజలు చావవు. అందుకే గింజ పట్టిన కలుపు వేయకు.

ఆదికాండము 2:15లో తోటను సేద్యపరచమనీ, కాయమనీ, అంటే కాపాడమనీ ఉంది. సేద్యం మీద ప్రసంగాలు చాలా విన్నాం, కాయడం గురించి తక్కువ. మొక్క నాటే ఆదివారం పెట్టావా, తర్వాతి ఏడాది ఎవరు ఏ రోజు నీళ్ళు పోస్తారో పేర్లు రాసుకున్నాకే గుంట తవ్వండి. పేర్లు రాకపోతే మొక్కలు తగ్గించు. పక్కింటి చెత్తబుట్టలోకి తొంగి చూసి వాక్యాలు మాత్రం చదవకు, నీ నోటి దురుసు నాకు తెలుసు.

రంధ్రాలు వేసేటప్పుడు డబ్బాను ఒడిలో పెట్టుకోకు. కింద చెక్కముక్క పెట్టి, ఇంకొకరిని పట్టుకోమను. మొదటి ఎరువు జల్లెడ పట్టాక గుప్పెడు నాకు పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ